కన్నమ్మ పెట్టిన చుక్కలు

తుల్సీరాంకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బని అతని భార్య బాలి ఇరుగుపొరుగు అందరికీ చెప్పేసింది. కూర బాగుందంటే ఎందుకు బాగుందని ఆరా తీసే మనిషి. పాలవాడు నవ్వుతూ పోశాడంటే ఆ రోజు పాలలో నీళ్లెక్కువని, పై ఆఫీసరు నవ్వాడంటే ఆదివారం డ్యూటీ పడబోతోందని అతని లెక్క. అలాంటి మనిషి చేతికి కంప్యూటర్ సెంటర్ తాళాలిచ్చారు. ఇచ్చినవాళ్లకు మనిషిని చూసి ఇవ్వడం తెలుసని బాలి నవ్వింది.

ఎనభై తొమ్మిదో సంవత్సరం మాట. మణుగూరు దగ్గర ఒక గని ఆఫీసులో ఉండేదా సెంటర్. కిటికీ తెరిస్తే టేకు చెట్లు కనిపిస్తాయి, కానీ వాటితోపాటు బొగ్గు దుమ్ము కూడా లోపలికి వస్తుంది కాబట్టి ఎవరూ తెరిచేవారు కాదు. ఏసీ గది. చెప్పులు వరండాలో విడిచి లోపలికి పోవాలి.

ఆ గదిలో తుల్సీరాంకు ప్రాణమైన వస్తువు ఒకటుంది, అది కంటికి కనిపించదు. డంపర్లు ఎన్ని ట్రిప్పులు తిరిగాయి, ఎంత డీజిల్ తాగాయి, స్టోర్‌లో ఏ సామాను మిగిలింది అనే రిపోర్టుల కోసం అతను స్వయంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. అందులో ప్రోగ్రాం అంటే కొన్ని పనుల వరుస. ఒక్కో పని ఒక పేరుతో మొదలై, చివర ఒక చుక్కతో ముగుస్తుంది. కాగితం మీద రాసిన ప్రోగ్రామును ఆపరేటర్లు టైపు చేస్తే, దాన్ని మిషన్‌కు తెలిసే మాటల్లోకి మార్చేది కంపైలర్. ఆ కంపైలర్ కూడా అతను రాసిందే. టైపులో తప్పుంటే ఏ లైనులో ఏం తప్పో ప్రింటర్ మీద కొట్టి మరీ చెబుతుంది. ఆఫీసులో అందరూ దాన్ని 'తుల్సి' అనేవారు. జూలూరుపాడు దగ్గరి తండాలో పుట్టినవాడి పేరు ఒక కంప్యూటర్ పనికి పెట్టుకోవడం చిన్న విషయం కాదు. హెడ్డాఫీసు పెద్దల ముందు దాన్ని చూపించడానికి రోజు కూడా ఖాయమైంది.

ఇంత సంబరంలో పంటికింద రాయి ఒక్కటే, కన్నమ్మ.

కన్నమ్మ భద్రాచలం అవతల అడవిలోని కోయగూడెం నుంచి వచ్చింది. ఇంటర్ చదివింది, టైపు హయ్యర్ పాసైంది, లోకల్ కోటాలో ఆపరేటర్‌గా చేరింది. ప్రొబేషన్ ఆ నెలాఖరుతో పూర్తవుతుంది. సెంటర్‌లో ఇంకో ఆపరేటర్ పెనుబల్లి నుంచి వచ్చిన రామ్‌చందర్. అతను టైపు చేసినవి కంపైలర్‌కు ఇస్తే జానెడు కాగితం మీద రెండు మూడు తప్పులు పడేవి. కన్నమ్మవి ఇస్తే ప్రింటర్ ఆగేది కాదు. తప్పు, తప్పు, తప్పు అని కాగితం నేలదాకా జారి మడతలు పడేది.

మేనేజర్ వెంకటరామారావు ఆ కాగితాన్ని చీర కొలిచినట్టు రెండు చేతులతో పట్టుకుని చూసేవాడు. "ఏమయ్యా తుల్సీరాం, ఇది ప్రోగ్రామా, తప్పుల తడకా? ఈ పిల్ల చేతులతో కొడుతోందా, మోచేతులతోనా?" అనేవాడు. ఆయన తూర్పు గోదావరి మనిషి, మాట తీపి, చూపు చేదు. మనుషులు మాట మారుస్తారు గానీ కాగితం మారదంటూ ఎవరి ప్రింటర్ కాగితాలు వాళ్ల పేరు మీద అలమారలో దాచేవాడు. కన్నమ్మ అర నిండిపోయింది.

తుల్సీరాం ఆమెను వెనకేసుకు రాలేదు. తాను కూడా కోటాలో వచ్చినవాడే. మెచ్చుకున్నప్పుడల్లా వెనక ఎవరు ఏమనుకుంటున్నారోనని చెవులు రిక్కించి బతికినవాడే. అడవి వైపు మనిషిని అడవి వైపు మనిషి కాపాడుతున్నాడని ఎవరైనా అంటారని అతని భయం. ఆ మాట రాకూడదని పొడుగు ప్రోగ్రాములన్నీ కన్నమ్మకే ఇచ్చాడు, చిన్నవి రామ్‌చందర్‌కు ఇచ్చాడు. అది న్యాయమే అనుకున్నాడు కూడా.

పోనీ ఆ పిల్లయినా తలవంచుకుని ఊరుకుంటుందా అంటే, అదీ లేదు. "నేనొక తప్పు చేసుంట సార్, రెండు చేసుంట. ఇన్ని చెయ్యలే. కాగితం ముందల పెట్టుకోని చూడండ్రి, నేను కొట్టింది కొట్టినట్టే ఉంది" అని వాదించేది. తప్పు చేసినవాళ్లందరూ అనే మాటే కదా అని తుల్సీరాం పట్టించుకోలేదు. తన కంపైలర్ అబద్ధం చెబుతుందా? అతను అనుమానించని వస్తువు లోకంలో అదొక్కటే.

ఒకరోజు కన్నమ్మ టైపు చేసిన స్టోర్ల ప్రోగ్రాం వేస్తే ప్రింటర్ రెండు లైన్లు కొట్టి ఊరుకుంది.

తుల్సీరాం ప్రింటర్ చెడిపోయిందేమోనని చూశాడు. బాగానే ఉంది. మర్నాడు డీజిల్ ప్రోగ్రాం వేస్తే ఒక్క తప్పు. ఆ తర్వాతి దానికి అదీ లేదు. సంతోషించాల్సిన సంగతే, కానీ మనవాడికి గుండెలో రాయి పడింది. నిన్నటిదాకా తడబడిన చేయి తెల్లారేసరికి కుదురుకుంటుందా?

రామ్‌చందర్ వరండాలో చెప్పులు వేసుకుంటూ దగ్గరికి జరిగాడు. "సార్, నేను చెప్పానని అనొద్దు. మొన్నటిదాకా బారెడు కాగితం, ఇవాళ బెత్తెడు. ఎవరో చేసి పెడుతున్నారు సార్. లేకపోతే మీ కంపైలర్‌నే ఎవరో గెలికారు." మొదటి మాట తుల్సీరాం చెవిదాకా వెళ్లింది, రెండోది కడుపులో దూరింది.

వెంటనే లోపలికి వెళ్లి కన్నమ్మ టైపు చేసిన ఫైలు తెర మీద తెరిచాడు. కాగితం మీద తాను రాసిచ్చిన ప్రోగ్రామే. కానీ మధ్య మధ్య తాను రాయని లైన్లు ఉన్నాయి. ఒక్కో పని అయిపోయాక, కింద వేరే లైనులో ఒంటరిగా ఒక చుక్క. ఒక చోట ఎడమ అంచున, ఇంకో చోట మధ్యలో, మరో చోట దూరంగా కుడివైపున. నిన్నటి ఫైలు తీశాడు. అందులోనూ చుక్కలే, వేరే చోట్ల. ఏ పని లేనప్పుడు వచ్చిన చుక్కను కంపైలర్ ఖాళీ మాటగా లెక్కగట్టి వదిలేస్తుంది, కాబట్టి ఇంతకాలం ఎవరి కంటా పడలేదు.

ఆ చుక్కలను వెనక నిలబడి చూస్తున్న మనిషి ఇంకొకరున్నారు. వెంకటరామారావు కళ్లజోడు పైకి తోసి, "ఏమిటవి?" అన్నాడు.

"తెల్వదు సార్. కన్నమ్మ పెట్టినట్టుంది."

"ఊరికే పెడుతుందా? రోజుకో చోట?" ఆయన గొంతు తగ్గించాడు. "అడవిలోంచి వచ్చిన పిల్ల. మన డీజిల్ ఎంతుందో, డంపర్లు ఏ దారిన పోతాయో అన్నీ ఈ ప్రోగ్రాముల్లోనే ఉన్నాయి. ఇవి అడవిలోని నక్సలైట్లకు సంకేతాలేమోనయ్యా. కాలం ఎలా ఉందో చూస్తున్నావుగా. సోమవారం ఆ పిల్ల ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాలి. ఆలోపు నువ్వు తేలుస్తావా, సెక్యూరిటీ వాళ్లకు చెప్పి వాళ్ల చేత తేల్పించమంటావా?"

తుల్సీరాం తెర మీది ఫైలు గబగబా మూసేశాడు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద సంచీలో తెలియని రాత కాగితం దొరికినా మనిషిని స్టేషన్‌లో కూర్చోబెట్టేవారు. కోయపిల్ల, అందులో కంప్యూటర్లో దొంగ చుక్కలు. ఉద్యోగం పోవడంతో ఆగే సంగతి కాదిది. "నేనే తేలుస్త సార్" అన్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయి గది ఉడికిపోతుంటే అందరూ వరండాలోకి వచ్చారు. కన్నమ్మ ఒక పక్కన గోడకు ఆనుకుని సద్ది గిన్నె తెరిచింది. తుల్సీరాం వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఫైళ్లల్ల ఆ చుక్కలేంది కన్నమ్మా?"

ఆమె ముద్ద చేతిలోనే ఆపింది. దాచే ప్రయత్నం చేయలేదు. "దొరికినయా?" అంది.

"దొరికినయ్. మేనేజర్‌కు గూడ దొరికినయ్. సంకేతాలంటుండు. నిజం చెప్పు."

"ముద్ర సార్."

"ఏం ముద్ర?"

"కళ్లంల వడ్ల రాశి మీద బూడిదతోని పెడ్తరు సూడు, గదే ముద్ర. రాత్రి ఎవడన్న రాశిల చెయ్యి పెడితే ముద్ర చెదురుతది, తెల్లారి దొరికిపోతడు. నేను సక్కగ కొట్టిన లైన్లకు మిషన్ తప్పంటది. ఒక్క దినమా, రెండు దినాలా? అంటే నేను ఇంటికి పోయినంక నా ఫైల్ల ఎవరో చెయ్యి పెడుతున్నరు. అందుకే ప్రతి పని కింద చుక్క పెట్టుకున్న. ఏ జాగల పెట్టిన్నో నాకొక్కదానికే ఎరుక. ఎవడన్న నడుమ గెలికితే చుక్క జరుగుతది, పట్టేసుకుంట."

"పట్టుకున్నవా?"

"యాడ సార్! ముద్ర పెట్టంగనే దొంగకు భయమైంది. ఆ దినంకెల్లి తప్పులే బందైనయ్. సూసినవు గద?" ఆమె ముఖంలో గెలిచిన కళ కనిపించింది.

తుల్సీరాంకు నవ్వు వచ్చింది గానీ బయటికి రాలేదు. "ఎవరనుకున్నవ్ దొంగ?"

కన్నమ్మ గిన్నె మూత పెట్టింది. అతని కళ్లలోకి సూటిగా చూసింది. "తాళాలు ఎవరికాడ ఉన్నయ్ సార్?"

దేవ్లా కొడుకు తుల్సీరాం చెయ్యి తాళాలున్న జేబు మీదికి పోయింది. దేవ్లా అంటే తండా పక్క ఊళ్లో ఒక ఆసామి కళ్లానికి కాపలా ఉన్న మనిషి. ఒక పొద్దున రాశి మీద ముద్ర చెదిరి ఉంది. కోడి ఎక్కిందో, గాలి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆసామి దేవ్లాను కళ్లం మధ్యలో నిలబెట్టి, ఊరంతా చూస్తుండగా, వడ్లు దాచాడేమోనని తల రుమాలు విప్పించి దులిపించాడు. అప్పుడు తండ్రి పక్కనే నిలబడిన పిల్లవాడు తుల్సీరాం. మనుషులను నమ్మడం అతను మానేసింది ఆ పొద్దునే. ఇప్పుడు అదే ముద్ర తన మీద పడింది. ఎంత మంటగా ఉంటుందో తండ్రి ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ తెలిసింది. ఆ మంటలోనే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఏడాదిగా కన్నమ్మను నిలబెట్టి దులిపించినవాడు తానే.

కరెంటు వచ్చాక అతను తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఫైలుకు నకలు తీసి, ముద్ర చుక్కలన్నీ చెరిపేసి కంపైలర్‌కు ఇచ్చాడు. ప్రింటర్ గుక్క తిప్పుకోకుండా కొట్టింది. బారెడు, రెండు బారలు. చుక్కలతో ఇచ్చాడు. ఒక్క తప్పూ లేదు. ఎవరూ ఎక్కడా చెయ్యి పెట్టలేదు. దొంగ లేడు.

రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచి చూసేసరికి అతనికి సంగతి అర్థమైంది. కన్నమ్మ ఒక పని చివర చుక్క కొట్టడం మరిచిపోయింది. అది ఆమె తప్పే, ఒక్కటే తప్పు. చుక్క పడకపోతే ఆ పని ముగియలేదని కంపైలర్ అనుకుంటుంది. తలుపు వేయని ఇంట్లో ఉన్నట్టు, తర్వాత వచ్చిన పనులన్నీ ఆ ఇంట్లోవే అనుకుంటుంది. ఇక చివరిదాకా ఏ పేరునూ అది ఆనవాలు పట్టదు, సరిగ్గా ఉన్న ప్రతి లైనునూ తప్పంటూ పోతుంది. ప్రోగ్రాం ఎంత పొడుగైతే తిట్లు అంత పొడుగు. పొడుగువన్నీ కన్నమ్మకే ఇచ్చింది ఎవరు? దొంగను పట్టడానికి ఆమె పెట్టిన చుక్క, తెరిచి ఉన్న తలుపును అనుకోకుండా మూసేస్తోంది. దారి తప్పింది కంపైలర్. తప్పానని చెప్పడం చేతకాక ఎదురొచ్చిన వాళ్లందరినీ తిట్టింది. దానికి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో అతను వేరే ఎవరినీ అడగక్కర్లేదు.

గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకునే దారి ఒకటుంది. కంపైలర్ బాగుపడుతుంది, హెడ్డాఫీసులో పరువు నిలుస్తుంది. కానీ అలమారలో కన్నమ్మ పేరు మీద ఉన్న కాగితాలు అలాగే ఉంటాయి, సోమవారం సంతకం వాటిని చూసే జరుగుతుంది. చెబితే, అడవి మనిషిని అడవి మనిషి కాపాడాడన్న మాట, ఇన్నేళ్లుగా తప్పించుకు తిరిగిన మాట, నెత్తిన పడుతుంది. కాగితాల వైపు చూస్తే తుల్సీరాంకు రుమాలు దులుపుతున్న తండ్రి చేతులే కనిపించాయి. లేచి మేనేజర్ గదికి నడిచాడు.

చెప్పింది విని వెంకటరామారావు కుర్చీలో వెనక్కి వాలాడు. అనుకున్నదే అయింది. "మీ మీ వాళ్ల మీద మీకు అభిమానం ఉండటం సహజమేలే తుల్సీరాం..."

"ఆమె కోయ, నేను లంబాడోణ్ణి సార్. ఆ పిల్ల ఇన్ని దినాలు నన్నే దొంగ అనుకుంది. అభిమానం యాడుంది? మీరు నన్ను నమ్మకండ్రి. మీకు నమ్మకమున్న ప్రోగ్రాం ఒకటి మీరే తీయండ్రి."

ఆయన అలమారలోంచి కాగితాలు తిరగేసి, రామ్‌చందర్ పేరున్న అరలో మచ్చలేని ప్రోగ్రాం ఒకటి ఎంచాడు. మిషన్ గదికి వచ్చారు. కన్నమ్మ, రామ్‌చందర్ ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఫైలు తెరిచి తుల్సీరాం పక్కకు జరిగాడు. "మొదటి పని చివర చుక్క ఉంది. మీ చేత్తోనే తీసెయ్యండ్రి సార్."

మేనేజర్ చూపుడువేలితో ఒక్క మీట నొక్కాడు. చుక్క పోయింది. ప్రింటర్ మొదలుపెట్టింది. కాగితం జారి, నేలకు తగిలి, మడతలు పడి, ఆయన మేజోళ్ల మీదికి వచ్చింది. రామ్‌చందర్ వంగి తన పేరు చదువుకుని తెల్లబోయాడు. "సార్, ఈ తప్పులు నావి కావు సార్! నేను కొట్టింది కొట్టినట్టే ఉంది!"

ఆ మాట అంతకుముందు ఆ గదిలో ఎన్నిసార్లు వినపడిందో అందరికీ గుర్తుంది. కన్నమ్మ మాత్రం ప్రింటర్ వైపు కాకుండా తుల్సీరాం వైపే చూస్తోంది.

వెంకటరామారావు మేజోళ్ల మీది కాగితాన్ని తీసి పక్కన పెట్టాడు. "అయితే ఇన్నాళ్లూ నేను అలమారలో దాచుకున్నవి ఆ పిల్ల తప్పులు కావు. నీవి."

"అవ్ సార్."

"ఈ అబద్ధాలకోరును హెడ్డాఫీసులో ఎలా చూపించమంటావు?"

"చూపించొద్దు సార్."

చూపించలేదు. ఆ అవకాశం మళ్లీ రాలేదు కూడా. సోమవారం మాత్రం కన్నమ్మ కాగితం మీద సంతకం పడింది. చుక్కల గురించి సెక్యూరిటీ వాళ్ల దాకా ఏదీ పోలేదు.

వానలు తగ్గేదాకా తుల్సీరాం కంపైలర్ పనిలోనే మునిగిపోయాడు. మొదట తెలివికి పోయి, మరిచిపోయిన చుక్కను కంపైలరే పెట్టేసుకునేలా చేశాడు. అందరికీ సుఖమనుకున్నాడు. కన్నమ్మ ఒప్పుకోలేదు. "నేను పెట్టని చుక్క నా పేరు మీద అదెట్ల పెడ్తది సార్? ఇయ్యాల చుక్క పెట్టింది, రేపు ఇంకోటి పెడ్తది. అప్పుడు దొంగెవరో నాకు ఎట్ల తెల్వాలె?" అంది. అనుమానపు మనిషికి అనుమానం తొందరగా అర్థమవుతుంది. ఆ పద్ధతి తీసేశాడు.

చివరికి కుదిరిన తీరు ఇది. కొత్త పని పేరు కనిపించగానే, పాతది ముగియకపోయినా, కంపైలర్ అక్కడ ఆగి తలుపు తానే మూసుకుని అక్కడినుంచి మళ్లీ కొత్తగా చూస్తుంది. ఫైలును ముట్టుకోదు. ప్రింటర్ మీద వచ్చే మాట కూడా మార్చాడు. తప్పు అని అరవడం మానేసి, 'ఈ లైనుకు ముందు చుక్క ఉండాలేమో చూడండి. ఇక్కడ నేను దారి తప్పాను. ఫలానా లైను నుంచి మళ్లీ సరిగ్గా చదువుతున్నాను' అని చెబుతుంది. కంపైలర్ తాను దారి తప్పానని చెప్పడమేమిటని వెంకటరామారావు చిరాకుపడ్డాడు గానీ, కాగితం ఖర్చు తగ్గిందని ఊరుకున్నాడు. అలమారలో కన్నమ్మ అర ఖాళీ చేయించి అందులో టీ కప్పులు పెట్టించాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున, డంపర్ల ప్రోగ్రాంలో ఏదో మార్చాల్సి వచ్చి తుల్సీరాం కన్నమ్మ ఫైలు తెరిచాడు. ఒక్కో పని కింద వేరే లైనులో ఒంటరి చుక్క. ఒకటి ఎడమ అంచున, ఇంకోటి మధ్యలో. ఆమె పక్క బల్ల దగ్గరే టైపు చేస్తోంది.

"కన్నమ్మా, మిషన్ ఇప్పుడు సక్కగనే చెప్తుంది గద. ఇంకా ఈ ముద్రలెందుకు?"

ఆమె టైపు ఆపలేదు. తల కూడా తిప్పలేదు.

"మిషన్ మీద నాకెన్నడూ అనుమానం లేకుండె సార్" అంది.